వాన దాకా ఉండే మైనం

నా చిన్నప్పుడు మా ఇంట్లోకి నల్లరంగు రావాలంటే మా తాతయ్య ఒప్పుకోవాలి. ఆయన ఒప్పుకునే మనిషి కాదు. పుదుచ్చేరి బజారులో మాది జవుళి కొట్టు. కొట్టులో కూడా నల్లగుడ్డల తానులు కింది అరలో, కొనేవాళ్ళు అడిగితే తప్ప కనపడనిచోట ఉండేవి. అలాంటి ఇంటి ముందుకు మా నాన్న ఒకనాడు నిగనిగలాడే నల్లకారు తెచ్చి నిలబెట్టాడు. వైట్ టౌన్‌లో, అంటే ఫ్రెంచివాళ్ళ పేటలో ఉండే ఒక కుటుంబం ఊరు విడిచి వెళ్ళిపోతూ అమ్మేసిన కారు అది. తాతయ్య మూతి ముడుచుకుని కొన్నాళ్ళు కొడుకుతో మాట్లాడలేదు. తర్వాత ఆయనే ముందు సీట్లో కూర్చుని దర్జాగా బజారుకు పోవడం మొదలుపెట్టాడు.

మేముండేది ఒర్లియంపేటలో. వీధి ఇరుకు, కారు నిలబెడితే సగం వీధి దానిదే. మా నాన్న దాన్ని చూసుకున్నట్టు నన్ను చూసుకోలేదని నేను ఇప్పటికీ అంటుంటాను. అందులో అబద్ధం కొంచెమే. దుమ్ము ఉన్న కారు మీద పొడిగుడ్డ పడనిచ్చేవాడు కాదు. ముందు నీళ్ళు పోసి దుమ్మంతా జారనిచ్చి, ఆ తర్వాతే మెత్తటి తడిగుడ్డతో, అదీ నిలువుగా, పైనుంచి కిందికి తుడిచేవాడు. గుండ్రంగా తిప్పితే రంగు మీద సుడిగీతలు పడతాయట. తెల్లకారైతే కనపడవు, నల్లకారు మీద ఎండ పడితే ఒక్కటీ దాగదు.

కడిగాక మైనం పూసేవాడు. ఆయన దాన్ని వ్యాక్సు అనేవాడు, మేమంతా మైనమనే అనేవాళ్ళం. మద్రాసు నుంచి తెప్పించుకునే గట్టి మైనం అది, డబ్బాలో రాయిలా ఉండేది. పూసి తుడిచేసరికి చొక్కా తడిసిపోయేది. బజారులో దొరికే తెల్లటి మెత్తమైనం అంటే ఆయనకు చిన్నచూపు. కిరసనాయిలు వాసన కొట్టే ఆ మైనాన్ని పెళ్ళిళ్ళకు కార్లు తిప్పేవాళ్ళు పూసుకునేవారు. ఆ పూటకు పెళ్ళికొడుకు ముఖం అందులో కనపడితే చాలు వాళ్ళకు.

నేను మూడో ఫారం చదువుతుండగా నాన్న జబ్బుపడ్డాడు. కడుపులో గడ్డ అన్నారు. పెద్దాసుపత్రిలో పెట్టారు. పిల్లదాన్ని కాబట్టి నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. తగ్గుతోందనే అన్నారు, నేను నమ్మాను. కారు వీధిలో దుమ్ము పట్టి ఉండిపోయింది.

ఆ ఏడు ఆయుధపూజ వచ్చింది. మాకు అది పెద్ద పండుగ. కొట్టులోని కత్తెరలు, గజంబద్దలు, ఇంట్లో కుట్టుమిషను, కత్తిపీట, అన్నీ కడిగి బొట్టు పెట్టేవాళ్ళం. కారుకు విభూతి పట్టెలు వేసి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేవాళ్ళం. ప్రతి ఏడూ నాన్నే చేసే పని. ఈసారి అమ్మ కొంగు బిగించింది. ఆ కారు మెరిస్తే ఆయన లేచి వస్తాడని ఆమె మొక్కుకుందని మా పక్కింటి అక్క చాలా ఏళ్ళ తర్వాత నాకు చెప్పింది.

అమ్మకు తెలిసిన మెరుపు ఒకటే, పూజగదిలోని ఇత్తడి దీపాల మెరుపు. చింతపండు నానబెట్టింది. పొయ్యిలో బూడిద జల్లెడ పట్టింది. కొబ్బరిపీచు తీసుకుని కారును ఈ చివర నుంచి ఆ చివర దాకా తోమింది. దీపపు సెమ్మెను తోమినట్టే, గుండ్రంగా, గట్టిగా, పెదవుల మీద దేవుడి పేరు తలచుకుంటూ. చేతులు ఎర్రబడిపోయాయి. నీళ్ళు పోస్తే కారు నిజంగానే తళతళలాడింది. అమ్మ ముఖంలో అన్ని రోజుల తర్వాత వెలుగు చూశాను. నిమ్మకాయలు తేవడానికి లోపలికి పోయింది.

ఆమె వచ్చేలోపల తడి ఆరింది. పొద్దు ఎదురింటి మిద్దె దాటి కారు మీదికి వచ్చింది. బానెట్టు మీద, తలుపుల మీద, పైకప్పు మీద, ఎక్కడ చూసినా వేలకు వేల సన్నని సుడులు. నలుపు పోయి బూజుపట్టిన బూడిదరంగు తేలింది. అమ్మ మళ్ళీ నీళ్ళు పోసింది, సుడులు పోయాయి. ఆరాక మళ్ళీ వచ్చాయి. అలా ఎన్నిసార్లు పోసిందో. చివరికి బక్కెట పక్కన కూలబడి, ‘‘నా చేతులు ఇరగ,’’ అని తనను తనే తిట్టుకుంది. నిమ్మకాయలు నేనే పెట్టాను.

కొద్ది రోజులకు తాతయ్య ఆసుపత్రి నుంచి వచ్చి, నాన్నను శుక్రవారం ఇంటికి పంపుతున్నారని చెప్పాడు. నేను ఎగిరి గంతేశాను. అమ్మ మాత్రం గోడకు చేరబడిపోయింది. ‘‘కారును చూస్తే ఆయన గుండె పగిలిపోతాది మామా. మొదట దాన్నే చూస్తాడు,’’ అంది. తాతయ్య కండువా దులుపుకుని బయటికి వెళ్ళి, మూలకుళంలో కార్లకు రంగు వేసే మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ మేస్త్రీ కూడా మన తెలుగువాడే.

మేస్త్రీ వంగి చూసి, వేలితో రాసి చూసి, నాలుక చప్పరించాడు. ‘‘ఇది రంగులో పడిన గీత అయ్యా. రుద్దుడు కాంపౌండు పెట్టి పైపొర అరగదీయాల. అప్పుడే పోతాది. ఆమీద గట్టి మైనం ఎక్కిస్తే ఏండ్లు ఏండ్లు ఉంటాది. బండిని షెడ్డులో వదిలిపెట్టండి, పది పదిహేను దినాలు కానీండి,’’ అన్నాడు. తర్వాత సంచిలోంచి ఒక డబ్బా తీసి చూపించాడు. ‘‘లేదంటే ఈ తెల్లమైనం ఉండాది. గీతల్లోకి పోయి కూర్చుంటాది. ఇప్పుడు పూస్తే ఇప్పుడే అద్దం. నిజం చెప్పాల గదా, రెండు వానలకు కరిగిపోతాది.’’

ఇందులో ఆలోచించడానికి ఏముందని నేననుకున్నాను. మా తాతయ్య కొట్టులో చీర చూపిస్తే, కొనేవాళ్ళ ఎదుటే కొంగు మూలను చెంబులో ముంచి, తెల్లగుడ్డ మీద పిండి, రంగు దిగలేదు చూడండి అని చూపించే మనిషి. ఆయన నోట నిలిచే సరుకు అన్న మాట రాని రోజు లేదు. నాన్న వచ్చాక పది రోజులు ఆగలేడా, షెడ్డుకే పంపించమని నేను చెప్పాను. తాతయ్య నా వైపు చూడకుండా, ‘‘తెల్లదే ఇయ్యి మేస్త్రీ,’’ అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ‘‘వాన రాదా ఏంది తాతయ్యా?’’ అన్నాను.

‘‘వస్తాది పాపా,’’ అన్నాడు, అంతే. మేస్త్రీ ఆయన ముఖం ఒకసారి చూసి, డబ్బాను అరుగు మీద పెట్టి సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

మైనం పూయడం తాతయ్య అమ్మ చేతే చేయించాడు. పరాయివాడి చేత చేయిస్తే ఆ తప్పు ఆమె చేతుల్లోనే ఉండిపోతుందని అనుకున్నాడేమో, ఎప్పుడూ చెప్పలేదు. బాగా ఉతికి మెత్తబడిన తన పాతపంచె చింపి, అంచు తీసేసి ఇచ్చాడు. పక్కన నిలబడి, నిలువుగా తుడువు, తిప్పవద్దు అని మెల్లగా చెబుతూ వచ్చాడు. ఒక్కో తలుపు నల్లబడుతూ వచ్చింది. సుడులు ఒక్కటొక్కటే మాయమవుతుంటే అమ్మ కళ్ళు తుడుచుకుంటూ పూసింది. సగం కారు అయ్యాక ఆగి, ‘‘ఎన్నాళ్ళు ఉంటాది మామా?’’ అని అడిగింది.

‘‘ఐప్పసి వాన దాకా.’’

‘‘అంతేనా,’’ అంది అమ్మ.

తమిళుల లెక్కలో వానలు దిగే ఐప్పసి నెల పుట్టడానికి ఎన్నో రోజులు లేవు. అమ్మ గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తాతయ్య తల వంచుకున్నాడు. ఆమె అడిగింది మైనం గురించి కాదని నాకు అప్పుడు తెలిసింది. మా నాన్నను ఆసుపత్రివాళ్ళు ఎందుకు పంపిస్తున్నారో కూడా అప్పుడే తెలిసింది. ఎవరూ నోరు విప్పి చెప్పలేదు. తాతయ్య ఒక డబ్బా మైనం ఎంచుకోవడంలో తెలిసింది. నేను లోపలికి పోయి బియ్యం బస్తాల వెనక కూర్చుని ఏడ్చాను. ఆ ఏడుపు ఇన్నేళ్ళయినా నాకు గుర్తే.

శుక్రవారం నాన్న వచ్చాడు. మనిషి సగమైపోయాడు. అరుగు మీద దిండు వేసి కూర్చోబెట్టారు. అమ్మ అన్నట్టే మొదట కారునే చూశాడు. అద్దంలా ఉంది. అమ్మ తలుపు చాటున నిలబడింది. తనను దగ్గరికి తీసుకుపొమ్మని నాన్న సైగ చేశాడు. నేనూ తాతయ్యా చెరోవైపు పట్టుకుని తీసుకుపోయాం. బానెట్టు మీద అరచేయి ఆనించాడు. నిమిరాడు. ఆ చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఆ కిరసనాయిలు వాసన మరిచే మనిషా ఆయన. మెల్లగా తలతిప్పి తాతయ్యను చూశాడు.

‘‘వాన దాకా చాలనుకున్నావా నాయనా,’’ అన్నాడు.

కోపంగా కాదు. కొట్టులో లెక్క సరిచూసుకునేటప్పుడు అడిగినట్టు అడిగాడు. తాతయ్య పెరట్లోకి పోయి బావిగట్టు మీద కూర్చున్నాడు. ఎవరు పిలిచినా అన్నానికి రాలేదు.

ఐప్పసి వాన వచ్చింది. మా నాన్న ఇంకా ఉన్నాడు. తాతయ్య వేసుకున్న లెక్క తప్పింది. ఆ తప్పిన లెక్కకు సంతోషించాలో ఏమో తెలియక ఇల్లంతా బిక్కచచ్చిపోయింది. రెండు వానలు పడి ఎండ కాసిన ఉదయం నాన్న కిటికీ దగ్గర మంచం మీద నుంచి కారును చూశాడు. సుడులన్నీ తేలి ఉన్నాయి. అమ్మ ఇక దాచలేక, తనే తోమానని, బూడిదతో తోమానని చెప్పేసింది. నాన్న చాలాసేపు చూసి నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ‘‘దీపపు సెమ్మె అనుకున్నావా ఏంది దాన్ని,’’ అన్నాడు. తర్వాత, ‘‘ఉండనీ. నీ చెయ్యి తిరిగిన గుర్తు అది,’’ అన్నాడు.

ఆయన గుండె పగులుతుందని మేమంతా దాచినవి ఆ గీతలు. వాటిని చూసి ఆయన నవ్వాడు. పగలగొట్టింది మైనం. మా తాతయ్యను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. కొడుకు చూసే ఆ ఒక్క పూట కారు బాగుండాలనే ఆయన చేశాడు. అయినా పట్టకుండా ఉండలేను. ఆ మధ్యాహ్నమే తాతయ్య వచ్చి, కారును షెడ్డుకు పంపిస్తానని, గట్టి మైనమే వేయిస్తానని నాన్న మంచం పక్కన నిలబడి చెప్పాడు. బతిమాలినట్టు చెప్పాడు. నాన్న కళ్ళు మూసుకుని, ‘‘ఇప్పుడెందుకులే నాయనా,’’ అన్నాడు.

వానలు తెరిపి ఇవ్వకముందే నాన్న పోయాడు. పెద్దకర్మ అయిన మరునాడు తాతయ్య ఎవరితోనూ చెప్పకుండా కారును మేస్త్రీ షెడ్డుకు పంపించాడు. అరగదీయించి, గట్టి మైనం ఎక్కించి తెప్పించాడు. కొత్తదానిలా వచ్చింది. ఒక్క సుడి లేదు. ఉండనీ అన్న నాన్న మాటను ఆయన మరిచాడో, కొడుకుకు చేయనిది ఇప్పుడైనా చేయాలనుకున్నాడో. అమ్మ గుమ్మంలోకి వచ్చి ఆ నున్నటి తలుపుల మీద వెతికింది. ఏమీ దొరక్క లోపలికి పోయింది. ఆ కారు మళ్ళీ ఎక్కలేదు.

ఇప్పుడు మేముండేది మూలకుళంలో. ఇంటికి దగ్గర్లోనే కార్లకు ఆ సుడులు తీసే కొట్టు ఉంది. మిషను పెట్టి తీసేస్తారు, ఎన్ని రకాల మైనాలో అద్దాల బీరువాలో వరసగా పెట్టి ఉంటాయి. ఏది ఎన్ని నెలలు నిలుస్తుందో డబ్బా మీదే రాసి ఉంటుందని మా అబ్బాయి చెబుతాడు. నేను అటువైపు చూడకుండానే నడుస్తాను.

కిందటేడు మా ఆయన మంచాన పడ్డారు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పవలసింది చెప్పాడు. ఆ వారంలోనే ఈయన చెప్పులు తెగిపోయాయని, కొత్తవి తెమ్మని అడిగారు. ఇంట్లో తిరగడానికి రబ్బరువి చాలు కదమ్మా అన్నాడు మా అబ్బాయి. వాడిని నేను తిట్టిన తిట్టు వాడు ఇంకా మరిచిపోయి ఉండడు. బజారుకు నేనే వెళ్ళాను. ఎవరికి, ఏపాటి నడుస్తారు అని కొట్టతను అడిగాడు. బాగా నడుస్తారని చెప్పి, ఉన్నవాటిలోకెల్లా గట్టి తోలువి, అడుగున మందంగా కుట్టు వేసినవి తెచ్చాను. ఆయన తొడుక్కుని గోడ పట్టుకుని వాకిలి దాకా నడిచారు. మడమ దగ్గర కొంచెం కరుస్తున్నాయి, కొత్తవి కదా, నాలుగు నెలలు నడిస్తే అవే మెత్తబడతాయిలే అన్నారు.