అమ్మకు కొలిచి పోసిన పాలు

పశువుల కొట్టంలో నీళ్ల బకెట్ ఎత్తబోయి అమ్మ పక్కకు ఒరిగింది. అంత చిన్నగా పడినందుకే తుంటి ఎముక విరిగింది. అప్పటికి ఆమెకు యాభై నిండలేదు.

మా తమిళనాడు ధర్మపురిలో ఆపరేషన్ చేసి స్క్రూలు బిగించిన డాక్టరు ఎక్స్‌రే చూపించి, ఎముక గుల్లబారి ఉందని తమిళంలో చెప్పాడు. మూడు నెలల్లో అతకాలి. అతకకపోతే మళ్లీ కోయాలి. అప్పుడు కూడా ఊతం లేకుండా నడుస్తుందని మాట ఇవ్వలేనన్నాడు. పడకముందు ఆమె రోజూ ఏం తినేదో రాసి తీసుకురమ్మన్నాడు.

రాయడం నాకు వచ్చిన పని. డిప్లొమా అయ్యాక ఒక వర్క్‌షాపులో చేరి, లేత్ మీద నుంచి దిగిన ప్రతి ముక్కనూ కొలిచి పట్టికలో ఎక్కించేవాణ్ణి. కానీ అమ్మ ఏం తినేదో నాకు తెలియదు. చెల్లెల్ని అడిగి రాశాను. పొద్దున వరకాపి, అంటే పాలు లేని బెల్లం కాపీ. పదకొండు గంటలకు సద్దన్నం, పచ్చిమిరపకాయ. మధ్యాహ్నం అందరూ తిన్నాక అన్నం, చారు, గిన్నె అడుగున మిగిలితే కూర. రాత్రి కూడా అంతే. పాలు లేవు. పెరుగు లేదు. రాగిముద్ద లేదు.

కొట్టంలో రెండు ఆవులున్నాయి. పాలు పిండేది అమ్మే. ముందు పాల సొసైటీ క్యాను నిండాలి, తర్వాత నాయన కాపీకి, తర్వాత నాకు, తర్వాత చిన్నపిల్లలుంటే వాళ్లకు. ఆడపిల్ల పెద్దమనిషి అయిన రోజుతో చిన్నపిల్లల వరసలోంచి జారిపోతుంది. చెల్లెలు అట్లే వరకాపికి మారింది. మారమని ఎవరూ చెప్పలేదు.

రాగిని మాన్పించింది మాత్రం నేనే. బడిలో నా డబ్బాలోని రాగిముద్ద చూసి పిల్లలు నవ్వితే ఇంటికొచ్చి ఏడ్చాను. ఆ వారం నుంచి అమ్మ అన్నమే వండింది. తర్వాత ఏరియూరు వైపున్న మెట్ట చేనులో నాయన రాగి తీసేసి మరవళ్లి గడ్డ, అంటే కర్రపెండలం, పెట్టాడు. ఇంట్లో రాగి అడిగినవాళ్లు లేరు.

డాక్టరు మాత్రలు రాసిచ్చి, రోజూ పాలు, పెరుగు, రాగి, ఆకుకూర, కాస్త ఎండ అన్నాడు. నేను గోడకు ఒక పట్టిక అంటించాను. మాత్ర నా ఎదురుగానే మింగించేవాణ్ణి. పొద్దున బస్సుకు పోయేముందు ఒకసారి, సాయంత్రం రాగానే ఒకసారి, లోటాలో గీత పెట్టి, ఆ గీత దాకా పాలు పోసి మంచం పక్కన ఉంచేవాణ్ణి.

"ఆరనీరా, తాగుతాలే," అనేది అమ్మ.

నేను గడిలో టిక్కు పెట్టి పోయేవాణ్ణి.

"ఆవునైనా ఇంత కొలిచి చూడలేదు మీయన్న," అని చెల్లెలితో నవ్వేది.

మూడు నెలలకు ఎక్స్‌రే తీస్తే విరిగినచోట సందు అట్లే నల్లగా కనబడింది. డాక్టరు ముందు పట్టిక పరిచాను. ఒక్క గడీ ఖాళీ లేదు. ఇంకో ఆరు వారాలు చూద్దామని, పాలొక్కటే ఎముకను అతికించవని, అతకకపోవడానికి చాలా కారణాలుంటాయని ఆయన నెమ్మదిగానే చెప్పాడు. నాకు మాత్రం ఆయన మీద కోపం వచ్చింది. ఇంటికి వచ్చే పాపారపట్టి బస్సులో ఆ కోపం తగ్గలేదు. ఇల్లు చేరాక కూడా డాక్టరును మార్చాలని అరుస్తూ ఉన్నాను.

చెల్లెలు వాకిట్లోకి పిలిచింది. "డాక్టర్ని తిట్టద్దన్నా. అమ్మ ఆ పాలు తాగనేలేదు."

"నేనే పోసినాను కదా."

"పోసినావు. తాగేది చూసినావా? నువ్వట్ల పోతానే నా చేతికిస్తుంది, తోడు వెయ్యమని. రాత్రి నువ్వు తినే గడ్డపెరుగు అదే. చెప్తే ఒట్టే అనింది."

మూడు నెలలు నేను రెండోసారి అడిగి వేయించుకున్న పెరుగు. నేను రాసింది పోసిన లెక్క, తాగిన లెక్క కాదు. వర్క్‌షాపులో ఇంకొకడు ఈ తప్పు చేస్తే ఊరుకునేవాణ్ణి కాను.

లోపలికి పోయి అడిగితే అమ్మ ముఖం తిప్పుకుంది.

"పనీపాటా లేకుండా మంచం మీద పడుకోనుండాను. నాకు పాలొకటా? నువ్వు ఎండలో పోయి వచ్చేవాడివి."

"నువ్వు నడవాల కదమ్మా."

"నడుస్తాలే. ఆడదాని ఎముక ఎట్లో అట్ల అతుక్కుంటుంది."

"అతకలేదు. చూసినావు కదా ఫోటోలో."

నేను లోటా నింపి మంచం పక్కనే కూర్చున్నాను. నువ్వు తాగితేగాని నేను తిననన్నాను. ఆమెను కదిలించే బెదిరింపు నాకు అదొక్కటే తెలుసు. ఆమె లోటా ఎత్తి, కళ్లు మూసుకుని రెండు గుక్కలు మింగింది. మూడోది నోట్లోనే నిలిచిపోయింది. చిన్నప్పుడెప్పుడో మానేసిన పాలు ఆమె గొంతు దిగలేదు. కొంగు అడ్డం పెట్టుకుని బలవంతంగా మింగింది. కళ్ల వెంట నీళ్లు కారాయి. ఆరు వారాలు అంటే ఇటువంటి లోటాలు ఎన్నో లెక్క వేయబోయి మానేశాను.

ఇంకో లోటా నింపి చెల్లెలికిచ్చాను. దానికి పదహారేళ్లు. అది తాగకుండా అమ్మ వైపు చూసింది.

అమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. "ముందు మీ నాయన కాపీకి పాలుండాయో లేదో చూసి తాగమ్మా," అంది.

చెల్లెలు లోటా కింద పెట్టి, చూడటానికి వంటింట్లోకి పోయింది.