నా కథే నాకు చెప్పిన అత్త

మా మేనత్త పోయిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను వేలూరు బాగాయంలో, నేను పాఠాలు చెప్పే బడిలో ఉన్నాను. "మగ్గంలో కూర్చున్నది కూర్చున్నట్టే వాలిపోయిందంట తల్లీ. గుడియాత్తం వచ్చేయ్" అంది. ఆటోలోనూ బస్సులోనూ నాకు నేను ఒకటే చెప్పుకుంటూ వచ్చాను. ఇది గుండె అయివుండదు. అత్తకు పరీక్ష అయింది. ఏమీ లేదన్నారు.

ఈ మాట మీకు అర్థం కావాలంటే నా సంగతి కొంచెం చెప్పాలి. పద్నాలుగేళ్లప్పుడు బడి ఆటల పోటీలో పరుగెత్తుతూ పడిపోయాను. వేలూరు ఆస్పత్రిలో చూసి, గుండె గోడ ఉండాల్సిన దానికన్నా మందంగా ఉందని, ఇది వంశంలో వచ్చే జబ్బని చెప్పారు. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడే మా నాన్న కట్టడం పనిలో కుప్పకూలి చనిపోయాడు. మేమంతా ఎండదెబ్బ అనుకున్నాం. డాక్టరమ్మ ఆ మాట విని, అదీ ఈ జబ్బే అయివుంటుందని కాగితంలో రాసుకుంది.

ఎడమ భుజం కింద, చర్మం లోపల చిన్న పెట్టె పెట్టాలన్నారు. దాని తీగ గుండెలోకి పోతుంది. గుండె అడ్డదిడ్డంగా కొట్టుకుంటే ఆ పెట్టే కరెంటు దెబ్బ కొట్టి దారికి తెస్తుంది. నేను వద్దని ఏడ్చాను. మా అత్త మంచం మీద నా పక్కకు జరిగి కూర్చుని, "మీ నాయనను మోసుకొచ్చినప్పుడు నేను చూసినా. ఇంకోసారి చూడలేనమ్మా. పెట్టించుకో" అంది. ఆమె అడిగిందనే పెట్టించుకున్నాను. ఈ రోజు బతికి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే అందుకే.

బడిలో పిల్లలు నా పక్కన కూర్చోవడానికి భయపడేవాళ్లు. అత్తకు చెబితే నవ్వింది. "నా లోపల కరెంటు ఉండాది, జోలికొస్తే కొడతాదని చెప్పు. పరీక్షల్లో నీది చూసి రాసేవాళ్లు కూడా ఉండరు" అంది.

మరుసటేడు గుడియాత్తం బస్టాండులో కదులుతున్న బస్సు కోసం పరుగెత్తాం. ఆమె నా చెయ్యి పట్టుకునే ఉంది. రొమ్ములో ఎవరో గట్టిగా తన్నినట్టయింది. కింద కూలబడ్డాను. కళ్లు తెరిచేసరికి అత్త తన అరచెయ్యి రుద్దుకుంటూ, ఏడుస్తూ, నవ్వుతూ, "నీ పెట్టె నన్ను కూడా కొట్టిందే! మేనత్తనని మర్యాద లేదా దానికి?" అంటోంది. గుమిగూడిన వాళ్లకు ఏం జరిగిందో అర్థం కాలేదు. ఆ దెబ్బే నన్ను బతికించిందని మా ఇద్దరికీ తెలుసు. అంత దగ్గరగా చూసింది ఆమె.

నాన్న వైపు రక్తసంబంధం ఉన్నవాళ్లందరూ, ముఖ్యంగా అత్త, ఆమె కూతురు, పరీక్ష చేయించుకోవాలని డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది. "కండిప్పా, తప్పకుండా వస్తాం డాక్టరమ్మా" అని అత్త తలూపింది. కొన్నాళ్లకు నేను అడిగాను.

"పోయొస్తిమి. ఇద్దరికీ చూసినారు. రొమ్ముకు సల్లగా జెల్లు పూసినారు చూడు, నాకు ఒకటే కితకితలు. కదలొద్దమ్మా అని ఆ పరీక్ష చేసే పిల్ల తిట్టింది కూడా. ఏమీ లేదన్నారులే" అంది.

నేను నమ్మాను. మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటి మనిషిని నేను. కాగితం చూపించమని అడగాలని నాకే తోచాలి. తోచలేదు. అత్త మాటకు కాగితం ఏమిటి?

మూడో నాడు అత్తను పెట్టిన చోట పాలు పోసి వచ్చాక అరుగు మీద అత్త భర్త, మా మామ పక్కన కూర్చుని అడిగాను. "పరీక్షలో ఏమీ లేదన్నారు కదా మామా, మరి ఇదెట్లా?"

మామ నా మొహం చూడలేదు. "యాడ పోయింది తల్లీ? వేలూరుకని బయలుదేరి బస్టాండు దాకా పోయి తిరిగొచ్చేసింది. ఈ పడుగు దిగినాక పోతా అనింది. నువ్వు అడిగితే పోయొస్తిమని చెప్పేస్తా, చదువుకునే పిల్లకు దిగులెందుకు అనింది."

"మరి మీ పాప?"

"పాప కూడా పోలేదు."

అప్పుడు తెలిసింది. ఆ జెల్లు, ఆ కితకితలు, ఆ తిట్లు అన్నీ నావి. నాకు పరీక్ష చేసినప్పుడు ఆమె నా తల దగ్గరే నిలబడి ఉంది. నా కథనే తీసుకుని నాకు తిరిగి చెప్పింది.

ఈ పడుగు దిగినాక, అంటే మగ్గం మీద ఎక్కించిన నిలువు పోగులన్నీ నేసి అయినాక. నేతపని తెలియని వాళ్లకు ఇది న్యాయంగానే వినిపిస్తుంది. సగం నేసిన పడుగును ఇంకొకరికి అప్పజెబితే బట్టలో చెయ్యి మారిన చోటు కనబడుతుంది. పెట్టె పెట్టాక ఎడమ చెయ్యి కొన్ని వారాలు ఎత్తకూడదని డాక్టరమ్మ నాకు చెప్పినప్పుడు ఆమె విన్నది. మగ్గంలో పేకను, అంటే అడ్డపోగును, దగ్గరికి కొట్టేది ఆ చెయ్యే. కానీ పడుగు దిగడమనేది ఉండదు. పాతది అయిపోవస్తుండగానే దాని కొసలకు కొత్త పోగులు, వేళ్లకు బూడిద అద్దుకుని, ఒక్కొక్కటిగా మెలేసి అతుకుతారు. అత్త ఎక్కినప్పటి నుంచి ఆ మగ్గం ఒక్కసారి కూడా ఖాళీ కాలేదు. ఆ సంగతి ఆమెకు తెలియదా?

నన్ను పెట్టించుకోమని బతిమాలిన మనిషి తను ఎందుకు పారిపోయిందని అందరినీ అడిగాను. "భయం" అంది అమ్మ. నాకూ భయమే కదా. పద్నాలుగేళ్ల పిల్ల ఓర్చుకున్న భయం ఆమె ఓర్చుకోలేదా? తనను తాను మోసం చేసుకుంటే క్షమించేదాన్నేమో. కూతుర్ని కూడా అందులో కలిపింది. ఆమెకు రుణపడి ఉన్నాను, ఆమె మీద కోపంగా ఉన్నాను. రెండూ ఒకే చోట నొప్పిపెడుతున్నాయి.

పెద్దకర్మ దాకా ఆగమన్నారు. నేను ఆగలేదు. అత్త కూతురికి ఇప్పుడు పదహారు. మర్నాడే వేలూరు తీసుకుపోయాను. పరీక్ష గదిలో డాక్టరమ్మ తెర మీద వేలు పెట్టి, "ఇదిగో, ఇక్కడ. నీది మాదిరే మందంగా ఉంది" అని నాకు చూపించింది. పాపకు కూడా పెట్టె పెట్టాలంది. మామకు ఫోన్ చేస్తే "రేపే పెట్టమని చెప్పు" అన్నాడు.

పాప ఏడవలేదు. పడుకునే తల తిప్పి తెరను చూస్తోంది. బూడిదరంగు నీడలో గుండె తలుపులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి.

"అమ్మది కూడా ఇట్లే ఆడతా ఉణ్ణిందా అక్కా?"

ఆమె గుండెను ఎవరూ చూడలేదు. నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. తెర మీద ఆ చిన్న తలుపు తెరుచుకుంది, మూసుకుంది, మళ్లీ తెరుచుకుంది.