పెద్ద చర్చిలో మా అయ్యగారు

ఖానాపురం హవేలిలో మా చర్చి ఒక రేకుల షెడ్డు. రెండు వీధుల అవతల కొత్తగా పెద్ద చర్చి వచ్చింది. ఏసీ హాలు, గోడంత ఎల్‌ఈడీ తెర, కాఫీ కౌంటరు, బైబిల్ వాక్యం అచ్చేసిన టీషర్టులు అమ్మే స్టాలు. ముందు మా కాలేజీ పిల్లలు వెళ్లారు, వాళ్ల వెనకే తల్లిదండ్రులు.

మా చర్చి కమిటీలో నేనే అన్నాను. "మనమూ తెర పెట్టాలె అయ్యగారూ. లేకుంటే ఎవరూ మిగలరు."

మా పాస్టరు గారు అరవై దాటిన మనిషి. విసుక్కోలేదు. "ముందు వాళ్లెట్ల నడుపుతున్నరో చూసొద్దాం పా," అన్నారు.

ఆదివారం సాయంత్రం ఆరాధనకి ఇద్దరం వెళ్లాం. గుమ్మంలో ఒకమ్మాయి "ఫస్ట్ టైమా అంకుల్?" అంటూ కానుకగా కాఫీ కప్పున్న సంచి చేతికిచ్చింది. ఆయన ముచ్చటగా తీసుకున్నారు. పాటలు మొదలయ్యాక నాకంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. పిల్లలు నిజంగానే బాగా పాడారు.

మా సంఘం వదిలి వెళ్లిన ఒకావిడ ఆయన్ని చూసి తల తిప్పుకుంది. ఆరాధన అయ్యాక ఆయనే దగ్గరికి వెళ్లారు.

"వందనాలమ్మా. మీ ఆయన మంచిగున్నడా?"

ఆమెకు ఏడుపొచ్చింది. "దవాఖానాల ఉన్నడయ్యగారూ. చర్చి యాప్‌ల ప్రార్థన మనవి పెట్టిన. ఎవరూ రాలే. మిమ్మల్నేమో విడిచిపెట్టి వచ్చినం, ఏ మొహంతోని అడగాలె?"

"మీరు చర్చి మారిండ్రు. నేను మారలే కదమ్మా!"

అంతటితో ఆగలేదు. వేదిక దిగుతున్న కుర్ర పాస్టరు చెయ్యి పట్టుకున్నారు. "తమ్మీ, రేపు పొద్దున దవాఖానాకు పోతున్నం. నువ్వు గూడ రా."

ఆ అబ్బాయి వచ్చాడు. మైకు పట్టుకుంటే గంటసేపు మాట్లాడేవాడు మంచం పక్కన మా అయ్యగారి వైపు తిరిగాడు. "ఏం చెప్పాల్నో తెలుస్తలేదు అంకుల్," అన్నాడు మెల్లగా.

"ఏం చెప్పకు. జర చెయ్యి పట్టుకొని కూసో."

అతను కూర్చున్నాడు. రోగి నిద్రపోయేదాకా లేవలేదు. ఆ ఓపిక చూసి అతని మీద నాకూ గౌరవం కలిగింది.

ఆ మనిషి కోలుకున్నాడు. ఆ కుటుంబం మాత్రం పెద్ద చర్చికే వెళ్తోంది. మా అయ్యగారికి దాని గురించి ఏ బాధా లేదు. ఇప్పుడు కుర్ర పాస్టరు వారానికోసారి కారు తెస్తాడు. ములకలపల్లి దాకా జబ్బుపడ్డవాళ్ల ఇళ్లకు ఇద్దరూ కలిసి వెళ్తారు. నేను తెర ఊసు మళ్లీ ఎత్తలేదు. కారులో చోటుంటే నేనూ ఎక్కుతాను.