ఆంజనేయుడికి ఒక శుక్రవారం సెలవు

ఆ రోజుల్లో దుబాయ్ వెళ్ళిన ప్రతివాళ్ళూ ఏదో ఒకటి కూడబెట్టేవారు. కొందరు బంగారం, కొందరు దుప్పట్లు, ఏమీ చేతకాని వాళ్ళు సెంటు సీసాలు. నేను మాత్రం బబుల్‌గమ్‌లో వచ్చే అట్టబొమ్మలు కూడబెట్టాను. ఈ మాట చెబితే మా మనవరాలు పడీపడీ నవ్వుతుంది గానీ, అప్పుడు నేను బొమ్మల మీద చూపించిన పట్టుదల అక్షరాల మీద చూపించి ఉంటే, యాభై దాటాక ఆ పిల్ల పక్కన కూర్చుని పలక పట్టాల్సి వచ్చేది కాదు.

షార్జాలో ఒక అరబ్బుల ఇంట్లో పనికి ఉండేదాన్ని. ఇంటావిడను మామా అని, అంటే అమ్మా అని, పిలవాలి (ఆవిడ నాకంటే చిన్నది, అయినా మామాయే). శుక్రవారాలు మాత్రం రోలాలో ఉండే మా చిన్నక్క గదికి వెళ్ళనిచ్చేది. ఆ వీధిలో అందరూ కాకా అని పిలిచే మలయాళీ ఆయన కొట్లో ఒకరోజు ఫ్రిజ్ మీద ఎర్ర రిబ్బను కట్టిన కొత్త కుట్టుమిషను కనిపించింది. బబుల్‌గమ్ కంపెనీ వాళ్ళు గడులున్న పెద్ద కాగితం ఒకటి ఇస్తారట. గడిగడిలోనూ ఆటగాళ్ళ బొమ్మలు దూర్చి, మొత్తం నింపి ముందుగా తెచ్చినవాళ్ళకి ఆ మిషను ఇస్తారట. నాకు చేత్తో జాకెట్లు కుట్టడం వచ్చు. ఆ మిషనొక్కటి ఉంటే అంట్లు తోమడం మానేసి, రోలాలో మన ఆడవాళ్ళందరికీ జాకెట్లు కుట్టి బతకొచ్చు. అది నాదేనని అక్కడే నిశ్చయించుకున్నాను. కాకాకి చెప్పలేదంతే.

బొమ్మల్లో ఉన్నవాళ్ళు అమెరికా వాళ్ళు. చేతిలో దుడ్డుకర్ర, నెత్తిన టోపీ. "ఇది మన కర్రాబిళ్ళేనే," అంది చిన్నక్క. "ఈమాత్రం దానికి ఫొటోలు కూడా దిగాలా?" దిగినందుకు మేం నమలాల్సి వచ్చింది. చిన్నక్క వాళ్ళ మేడంతా నమిలింది. మా బావ రాత్రి డ్యూటీ నుంచి వచ్చి అన్నానికి ముందు రెండు, తర్వాత రెండు నమిలేవాడు. "మరదలా, నీ మిషను సంగతేమో గానీ నా దవడ ఖలాస్," అనేవాడు. నాకు అక్షరాలు రాకపోయినా అంకెలు వచ్చు (బస్సెక్కేవాళ్ళకి అవి రాక తప్పదు). చివరికి పద్దెనిమిదో గడి ఒక్కటే మిగిలింది. అందులో గొంతుక్కూర్చున్న మనిషి ఆకారం నీడలా ఉంది. "అది మాత్రం మిల్నా ముష్కిల్ బెహన్, కంపెనీ కమ్‌తీ డాలా," అన్నాడు కాకా. కంపెనీ వాళ్ళే అది తక్కువ వేశారట, దొరకడం కష్టమట. పై అంతస్తులో ఉండే దర్జీకి కూడా అదొక్కటే తక్కువని అప్పుడే తెలిసింది. ఆయనకి మిషను ఉండనే ఉంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అల్ ఐన్ నుంచి కొట్టుకి కూరగాయలు తెచ్చే పికప్ డ్రైవరుది కరీంనగర్ వైపు. నా కాగితంలో ఖాళీ గడి చూసి, "గీ బొమ్మ నేను సూసిన సెల్లె. తోటల పనిజేసే మా ఊరాయన తాన ఉంది. గని ఇయ్యడు," అన్నాడు.

"ఎందుకివ్వడు?"

"ఆంజనేయుడని దానికి మొక్కుతడు."

పై శుక్రవారం బర్‌దుబాయ్‌లో ఆంజనేయుడి పటం ఒకటి కొని, చిన్నక్కను వెంటబెట్టుకుని ఆ పికప్‌లో వెళ్ళాను. ఖర్జూరం తోటలో రేకుల గది. గోడకి, నీళ్ళ మోటారు మీటకి పైన, అన్నం మెతుకులతో అంటించి ఉన్నాడా బొమ్మలోని ఆయన. గొంతుక్కూర్చుని, రొమ్ముకి కవచం, ఒక చేతికి ఇంత లావు తొడుగు, మూతి ముందుకొచ్చినట్టు ముఖానికి ఇనప జాలీ. నుదుటి దగ్గర ఎర్రగా సిందూరం. మా చిన్నక్క చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

"అన్నా, అది ఆటగాడి బొమ్మ," అన్నాను మెల్లగా, ఆ తోటలో పనిచేసే ఆయనతో.

"నాకెర్క లేదా సెల్లె? ఆ గమ్ము నమిలింది నేనే గద. బొమ్మ ఎవ్వనిదైతేంది, కూసున్న తీరు సూడు. ఒక్క పిలుపు పిలిస్తే లేస్తడు."

మిషను సంగతి చెప్పి నా పటం తీసి ఇచ్చాను, మార్చుకుందామని. తోట అన్న దాన్ని తలుపు దగ్గర వెలుతురుకి పట్టి చూశాడు. "మంచిగున్నడు. గని కొత్తాయన. నా కష్టం ఈయనకింక ఎర్క లేదు."

"దేవుడికి తెలియకపోవడమేంటయ్యా?" అంది చిన్నక్క.

"జెర టైం వడ్తది గదక్కా. నాకు అరబ్బీ ఎర్కయ్యేదాంక ఎన్నొద్దులు వట్టలె?"

చిన్నక్క చెంగు సర్దుకుని గుమ్మం వైపు తిరిగింది. నేను మాత్రం అంత దూరం వచ్చి వట్టి చేతుల్తో వెళ్ళేదాన్ని కాదు. "అన్నా, మీకు సెలవెప్పుడు?" అని అడిగాను.

"రెండేండ్లకోపారి."

"మరి గోడ మీదున్న ఈయనకి?"

తోట అన్న గోడ వైపు తిరిగాడు. "నిజమే సెల్లె. వచ్చినకాంచి ఒక్క శుక్రారం సుత సుట్టి లేదు పాపం. మోటరేసినప్పుడల్ల అదిరి కింద వడ్తడు, మళ్ల లేసి డ్యూటీ ఎక్కుతడు."

"ఒక్క వారం సెలవివ్వండి. అందాకా ఈ కొత్తాయన్ని బదిలీ పెట్టుకోండి."

తోట అన్న నవ్వాడు. మెతుకులు తడిపి, బొమ్మను ఊడదీసి నా చేతిలో పెట్టాక నవ్వలేదు. "వాపస్ రావాలె. సుట్టి మీద వోయి రానోళ్లను మస్తు మందిని సూసిన."

ఆ సాయంత్రం కాకా కొట్లో బబుల్‌గమ్ కంపెనీ మనిషి సిందూరం చూసి, బొమ్మ పాడైంది, చెల్లదన్నాడు. "నంబరు కనిపిస్తోందా?" అన్నాను నాకొచ్చిన హిందీలో. కనిపిస్తోందన్నాడు. "ముఖమంటారా, దాన్ని మీవాళ్ళే జాలీ పెట్టి మూసేశారు." కాకా గల్లాపెట్టె మీద చెయ్యేసి నవ్వాడు. వాకిట్లో నిలబడ్డ దర్జీ, "యల్లా, కానివ్వండి, ఇచ్చెయ్యండి. లేకపోతే ఈవిడ మనల్ని నమిలేస్తుంది," అన్నాడు. ఎంత మంచివాడో అనిపించింది, అప్పటిదాకా ఎన్ని తిట్టుకున్నానో. మళ్ళీ ఇంకో కొట్లో చూపించకుండా కంపెనీ మనిషి ఒక్కో బొమ్మకీ నడిమధ్య చిల్లు కొట్టి ఇస్తున్నాడు. పద్దెనిమిదో దాని దగ్గర చెయ్యి పట్టుకున్నాను. "ఈయనకి మధ్యలో వద్దు. సెలవు మీద వచ్చాడు, తిరిగి వెళ్ళాలి." ఆయన నన్నూ కాకానూ మార్చి మార్చి చూసి, పైన అంచులో చిన్న చిల్లు కొట్టాడు.

నా మిషను మీద కుట్టిన మొదటి కుట్టు జాకెట్టుది కాదు. మామా ఇంట్లో పరదాలు కుట్టగా మిగిలిన ఎర్ర మఖమల్ ముక్క అడిగి తెచ్చుకుని, బొమ్మ చుట్టూ పటంలా అంచు కుట్టి, ఆ చిల్లులోంచి దారం పోశాను. మాట ప్రకారం శుక్రవారానికి తీసుకెళ్ళాను. తోట అన్న చిల్లు తడిమి ముందు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. తర్వాత మేకుకి తగిలించి మోటారు వేశాడు. గది అదిరింది, ఆయన ఊగాడు గానీ పడలేదు.

"మరి కొత్తాయన?" అన్నాను.

"ఉండనీ సెల్లె. ఇద్దరికి షిఫ్టు డ్యూటీ."

ఆ మిషను తర్వాత నన్ను ఎన్నేళ్ళు పోషించిందో చెబితే అదో కథ. ఇప్పుడు దాని సూది కన్ను నాకు కనిపించదు, మనవరాలే దారం ఎక్కిస్తుంది. ఆ ఆటలో గొంతుక్కూర్చునే మనిషి పని, విసిరిందల్లా పట్టుకోవడమేనట. అక్షరాలొచ్చాక మనవరాలి పుస్తకంలో కూడబలుక్కుని చదివాను. తోట అన్నకి చెప్పాలనిపించింది, ఎక్కడున్నాడో. కొట్లో బబుల్‌గమ్ కనిపిస్తే చాలు, ఈ వయసులోనూ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, మీద రాసిందంతా చదువుతాను. లోపల బొమ్మ ఉందని ఎక్కడా రాసి ఉండదు. అయినా ఒకటి కొంటాను.