సంచిలో మట్టిబెడ్డ

1890ల మొదట్లో నన్ను పాలకొల్లు దగ్గరి ఒక కాలవ సెక్షనుకు గుమాస్తాగా వేశారు. గుమాస్తా అంటే ఓవర్సీరుగారి కింద, లస్కర్ల పైన. లస్కర్లంటే గట్లూ లాకులూ కాచే మనుషులు. ఆ గట్టు పొడుగునా ఇంగ్లీషు చదవగలిగిన జీవిని నేనొక్కణ్ణే. ఆ సంగతి కొంగలకు కూడా తెలిసేలా నడిచేవాణ్ణి.

ఇంజనీరు దొరగారి క్యాంపు నుంచి వచ్చే హుకుముల్లో రెండు మాటలు మా ప్రాణం తీసేవి. బ్రీచి అంటే గట్టుకు గండి, బ్రిడ్జి అంటే వంతెన. గండికి పారలు, తాటిదుంగలు, మట్టిపనివాళ్లు వెళ్లాలి. వంతెనకు సున్నం, ఇటుక, తాపీవాళ్లు. నాకు పూర్వం హుకుములు నోటిమాటగా వచ్చేవి. ఆరు మైళ్లు పరుగెత్తి వచ్చిన నోట్లో రెండూ ఒకే ముద్దయ్యేవి. అందుకని పెద్ద లస్కరు అప్పన్న ఒక ఏర్పాటు చేశాడు. గండి అయితే క్యాంపు బంట్రోతు సంచిలో మట్టిబెడ్డ వేసి పంపాలి, వంతెన అయితే ఇటుకముక్క. నేను చేరాక కాగితం కూడా రావడం మొదలైంది గానీ, బెడ్డా ఇటుకా మానలేదు. ఇది సర్కారు కచేరీయా, ఇటుకబట్టీయా అని నేను నవ్వని రోజు లేదు.

ఆ శ్రావణంలో వాన మొదలైంది. ఆకాశానికి అడుగు ఊడిందనే నా నమ్మకం. ఓవర్సీరుగారు జ్వరంతో పడుకున్నారు. మధ్యాహ్నం క్యాంపు మనిషి మురుగు కాలవ ఈదుకుంటూ వచ్చి సంచి నా చేతిలో పెట్టాడు.

"పదకొండో మైలుకి అర్జంటన్నారండి. ఆపైన నాకేం తెలుసండి?"

కాగితం అంబలైపోయింది. పదకొండో మైలు వంతెనకు అంతకుముందే బీటలున్నాయి. ఆ పక్కనే గట్టు కింద రామన్నగారి చేను. మాకున్నది ఒక్కటే పడవ. వంతెనేనని తీర్మానించి తాపీవాళ్లను ఎక్కించేశాను. ఆ మాట ఊళ్లో విని రామన్నగారు గొడుగు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చారు.

"గుమాస్తాగారండీ, మొన్ననే నాట్లు ఊడ్చానండి! గండే అయితే నా చేను నరసాపురం అవతల సముద్రంలో వెతుక్కోవాలండి!"

కాగితాన్ని వెలుతురుకు పట్టాను, తిరగేశాను, వాసన కూడా చూశాను. అప్పన్న సంచిలో చెయ్యి పెట్టి, వేళ్లకంటిన బురద నాకు చూపించాడు.

"ఏమీ లేదు కదయ్యా!" అన్నాను.

"ఏమీ లేకపోవడమేంటండీ బాబూ! ఇటుకైతే ఎక్కడికి పోద్దండి? కరిగిపోడానికి అదేమన్నా బెల్లమా?"

తాపీవాళ్లను దింపి, మట్టిపనివాళ్లను ఎక్కించాను. వెళ్లేసరికి గండిలో రెండు ఎడ్లబళ్లు పక్కపక్కన పట్టేవి. అప్పన్న లెక్కలో మాత్రం ఒక గేదె పట్టేది. పొద్దు వాలేలోగా పూడ్చాం. రామన్నగారి నాట్లు మూడు రోజులు నీళ్లలో మునిగి, నాలుగోనాటికి తలలెత్తాయి.

హుకుం రాసిన చోట అక్షరాలు ఎంత ముత్యాల్లా ఉన్నా లాభం లేదు, అది చేరిన చోట ఏ రూపంలో ఉంటుందో చూసి పంపాలని నాకు తెలిసింది. ఆ తరువాత నా కింద చేరిన ప్రతి కొత్త గుమాస్తానూ, కలం పట్టనిచ్చే ముందు, ఒకసారి వానలో క్యాంపు దాకా నడిపించేవాణ్ణి.