మూడు వన్నెల వడ్డాణం

మా ఇంట్లో ఒక బంగారు వడ్డాణం ఉండేది. దానికి యజమాని అంటూ ఎవరూ లేరు. డెబ్బైలలో, బీమా చేయించే ఉద్దేశంతో నేను దాని విలువ కట్టించేదాకా, యజమాని లేకపోవడం ఒక లోపమని మా కుటుంబంలో ఎవరికీ తోచలేదు. ఆ లోపాన్ని కనిపెట్టినది ఒక అచ్చు ఫారం. దాన్ని వాడుకున్నది మా మైలవరం బాబాయి. ఈ రెండు మాటలనూ అప్పుడే రాసి పెట్టుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత చదివి చూసినా వాటిని సవరించవలసిన అవసరం కనిపించలేదు.

మా నాయనమ్మకు ముగ్గురు కొడుకులు, మా నాన్నగారు పెద్ద. విడిగా వడ్డాణం చేయించుకునే స్తోమత తన కోడళ్ళలో ఏ ఒక్కరికీ లేదని గ్రహించి, ఒక్కొక్కరి పుట్టింటి బంగారంలోంచి కొంత అడిగి పుచ్చుకుని, అందరికీ కలిపి ఒకటే చేయించింది. కంసాలి అంతా కరిగించి ముద్ద చేస్తానంటే ఆవిడ ఒప్పుకోలేదట. ఎవరి పుట్టింటి బంగారం వాళ్ళ కంటికి కనబడుతూ ఉండాలన్నది ఆవిడ పట్టుదల. అందుచేత నడుము చుట్టూ వచ్చే పట్టీ మా అమ్మ బంగారంతోనూ, ముందుండే లక్ష్మీదేవి బిళ్ళ మైలవరం పిన్ని బంగారంతోనూ, వెనక గొలుసూ కొక్కెమూ ఉయ్యూరు పిన్ని బంగారంతోనూ తయారయ్యాయి. ఇంట్లోంచి వెళ్ళే ఆడపిల్లకీ, ఇంట్లోకి వచ్చే కోడలికీ పీటల మీద కూర్చునే ముందు అది నడుముకు పెట్టాలి. పెళ్ళి కాగానే తిరిగి పెద్ద కోడలి పెట్టెలోకి చేరాలి. వెనక గొలుసుకు వరసగా రింగులుండేవి. పిల్ల నడుమును బట్టి ఏదో ఒక రింగుకు కొక్కెం తగిలించాలి. నాయనమ్మ పోయిన తర్వాత ఆ పని మా అమ్మది. మా వాళ్ళలో ఏ పిల్లకు ఎన్నో రింగో అమ్మకు కంఠతా వచ్చు. బీమా సంగతి వచ్చిన ఏడు, మాఘమాసానికి ఉయ్యూరు పిన్ని కూతురి పెళ్ళి నిశ్చయమైంది. ఆ పిల్ల దసరా పండక్కి మా ఇంటికి వచ్చినప్పుడే అమ్మ దాన్ని నిలబెట్టి చూసి, "నీది నాలుగో రింగే. పెళ్ళి దాకా సున్నుండలు తగ్గించు" అంది.

అప్పటికి మా నాన్నగారు లేరు. నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాను. భవానీపురంలో అద్దె ఇల్లు. మా వీధిలోనే ఒక కుటుంబం మ్యాట్నీకి వెళ్ళి వచ్చేసరికి బీరువా ఖాళీ అయింది. ఆ ఇల్లాలు గుమ్మంలో కూలబడి ఏడ్చిన ఏడుపు విన్న తర్వాత మా అమ్మకు నిద్ర పట్టలేదు. నగలకు బీమా ఉంటుందని ఆఫీసులో విని ఆమెకు చెప్పాను. పోయినా మళ్ళీ చేయించుకోవచ్చునంటే ఆమె సంతోషించింది. కాగితం మీద దాని విలువ ఎంతో ముందుగా నగల వ్యాపారి రాసి ఇవ్వాలన్నారు.

వన్‌టౌన్‌లో బీమా కంపెనీవారు ఒప్పుకునే దుకాణం ఒకటుంది. అమ్మ వడ్డాణాన్ని చేతిసంచిలో పెట్టడానికి ఒప్పుకోక, చీర కింద నడుముకే పెట్టుకుని రిక్షా ఎక్కింది. దుకాణంలో వెనక గదిలోకి వెళ్ళి విప్పి తెచ్చి బల్ల మీద పెట్టింది. షావుకారు బిళ్ళ వెనక ఉన్న లక్కకు తూకంలో ఎంత తీసెయ్యాలో అంచనా వేశాడు. పట్టీ ఒకసారి, బిళ్ళ ఒకసారి, గొలుసు ఒకసారి గీటురాయి మీద గీసి, మూడు గీతలనూ వెలుతురులో పెట్టి చూశాడు.

"ఏమ్మా, మూడు నగలు తెచ్చి ఒకటేనంటారేం?" అన్నాడు.

"ఒకటే బాబూ. మా అత్తగారు చేయించింది."

"బిళ్ళ మేలిమండీ, వంక పెట్టడానికి లేదు. గొలుసు మధ్యరకం. పట్టీయే... రాగి బాగా కలిపారు. వన్నె చాలా తక్కువ."

అమ్మ మొహం మారింది. "సరిగ్గా గీశారా? పట్టీ మా నాన్నగారిచ్చిన బంగారం."

"గీటురాయికి మీ నాన్నగారు, మా నాన్నగారు అని ఉండదు కదమ్మా!" అని నవ్వాడు. పక్కనున్న గుమాస్తా కూడా నవ్వాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఇంత నగిషీ ఉంది, ఆ పనితనానికి ఏం రాస్తారు?" అని అడిగాను.

"కంపెనీకి పనితనం అక్కర్లేదండీ. పోతే వాళ్ళు డబ్బిస్తారు గానీ, పనిమంతుణ్ణి పంపిస్తారా?"

మూడు భాగాలకూ తూకం, వన్నె, విలువ వేరువేరుగా రాసి, ముద్ర వేసి ఇచ్చాడు. అది అబద్ధమని నేననను. కానీ ఒక్క నడుముకు పెట్టే ఒక్క వస్తువును మూడు వరసలుగా రాయమని ఆయన్ను ఎవరూ అడగలేదు. రిక్షాలో అమ్మ నడుము దగ్గర పట్టీని చీర మీంచే తడుముకుంది. తర్వాత, "మా నాన్నను ఎవడో మోసం చేసుంటాడ్రా. ఆయనకు బంగారం గురించి ఏం తెలుసు పాపం" అంది. ఆ రోజు అన్నం సహించలేదు.

కంపెనీ ఆఫీసులో అధికారి నా కాగితాన్ని మెచ్చుకున్నాడు. ఫారంలో మొదటి ప్రశ్న దగ్గర ఆగాడు.

"యజమాని పేరు?"

"మా అత్తగారిదండీ" అంది అమ్మ.

"ఆవిడ వచ్చి సంతకం చెయ్యాలి."

"ఆవిడ పోయారు."

"పోయినవాళ్ళ పేరు మీద పాలసీ ఇవ్వంగా! ఇప్పుడు ఎవరిది?"

"అందరిదీ."

"అందరిదీ అనే పేరుగల మనిషి ఉండదమ్మా. మీ పేరు రాయండి. మిగతావాళ్ళంతా తమకు హక్కు లేదని కాగితం రాసిస్తే సరిపోతుంది. ఇంకోటి, ఇల్లు దాటి వేరేవాళ్ళ చేతికి వెళ్ళినప్పుడు పోతే మాకు సంబంధం లేదు."

పెళ్ళిళ్ళకు ఇల్లు దాటడం తప్ప ఆ వడ్డాణానికి వేరే పని లేదని నేను వివరించబోయాను. ఆయన అప్పటికే మా వెనకనున్న మనిషిని పిలుస్తున్నాడు.

సంతకాల కోసం రెండు ఊళ్ళకూ ఉత్తరాలు రాశాను. ఒక ఆదివారం మైలవరం నుంచి బాబాయి, పిన్ని వచ్చారు. ఉయ్యూరు పిన్ని ఒక్కతే వచ్చింది. కాఫీలయ్యాక బాబాయి మదింపు కాగితం అడిగి పుచ్చుకుని, కళ్ళజోడు పెట్టుకుని, వ్యాజ్యంలో తీర్పు చదివినట్టు పైకి చదివాడు. పట్టీ వన్నె దగ్గర ఆగి మళ్ళీ చదివాడు.

"వదినా, తప్పుగా అనుకోవద్దు. బిళ్ళ ఒక్కటే మిగతా రెండింటి విలువా కలిపినంత ఉంది. హక్కు లేదని మేం రాసివ్వడమేంటి, చెప్పండి?"

"బీమా కోసం రాసే మాటయ్యా అది. నా దగ్గరుంటే ఒకటీ, నీ దగ్గరుంటే ఒకటీనా?"

"అయితే మా దగ్గరే ఉండనివ్వండి. మా ఆవిడ పేరు రాయించండి, మీరు సంతకం పెట్టండి."

మైలవరం పిన్ని అందుకుంది. "ఇన్నాళ్ళూ మా పుట్టింటి బిళ్ళ చూసే కదక్కయ్యా, పెళ్ళిళ్ళలో ఆ వడ్డాణాన్ని మెచ్చుకున్నారు. పట్టీని ఎవరు చూశారు?"

అమ్మ తల వంచుకుని చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. నాయనమ్మ ఏ ఉద్దేశంతో మూడింటినీ విడివిడిగా చేయించిందో నేను చెప్పాను. ఆ ఉద్దేశాన్నే ఆయుధంగా చేసుకోవడం నీచమని కూడా అన్నాను. "నువ్వు ఉండ్రా, నీ కాగితాలతోనే వచ్చిందిదంతా" అన్నాడు బాబాయి. విలువ అడగడం నేరం కాదు. విలువ తెలియగానే వదినగారి తండ్రిని తూకంలో పెట్టడం నేరం. ఆ మాట ఆయన ముఖానే అన్నాను.

చివరికి ఎవరి భాగం వాళ్ళు విడదీసుకుందామని బాబాయి తేల్చాడు. పిల్ల పెళ్ళి అయ్యేదాకానైనా ఆగమని అమ్మ బతిమాలింది.

"పెళ్ళిలో పోతే ఎవరు పూచీ? బీమా కూడా లేదుగా!"

ఎన్ని పెళ్ళిళ్ళకో వెళ్ళి వచ్చిన వడ్డాణం అది. పూచీ అన్న మాట ఆ రోజే మొదటిసారి విన్నాం. ఉయ్యూరు పిన్ని లేచి నిలబడింది. "వద్దక్కయ్యా. ఇన్ని మాటలు పడి తెచ్చిన వడ్డాణం నా కూతురి నడుముకు వద్దు. కొయ్యనివ్వు" అంది.

కొయ్యడానికి నేనే వెంట వెళ్ళవలసి వచ్చింది. కంసాలి కత్తెర పెట్టే ముందు, కొయ్యమంటారా అని ఇంకోసారి అడిగాడు. బాబాయి "ఊఁ" అన్నాడు. లక్ష్మీదేవి బిళ్ళను జేబురుమాల్లో చుట్టుకుని మైలవరం బస్సెక్కాడు. ఇది కూడా రాసి పెట్టుకున్నాను.

ఉయ్యూరు పెళ్ళికి మైలవరం వాళ్ళు రాలేదు. చెరకు గానుగల రోజులు. పందిరి నిండా చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన. పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసే గదిలోకి అమ్మ వెళ్ళింది, నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. పిల్ల నడుముకు గిల్టు వడ్డాణం పెట్టారు. వెనక గొలుసును మాత్రం పిన్ని మెడలో హారంలా వేసింది. కొక్కెం జాకెట్టు మీద వేలాడుతోంది.

మా ఇంటి ఆనవాయితీ ప్రకారం పిల్ల అమ్మకు వీపు చూపిస్తూ తిరిగి నిలబడింది. అమ్మ చేతులు ముందుకు వెళ్ళి, గిల్టు మీద ఆగిపోయాయి. పిల్లకు అర్థమయింది. "పెద్దమ్మా, ఈ కొక్కెం గుచ్చుకుంటోంది. నువ్వే ఎక్కడైనా తగిలించు" అంటూ ఇటు తిరిగింది. అమ్మ గొలుసు పట్టుకుని, వేళ్ళతో రింగులు తడుముకుంటూ వచ్చి, నాలుగో దానికి కొక్కెం తగిలించింది. అక్షింతలు పడేదాకా అమ్మ మళ్ళీ ఆ గదిలోంచి బయటికి రాలేదు.

తిరుగు బస్సులో, ఇక పట్టీకి బీమా చేయించడానికి ఎవరి సంతకాలూ అక్కర్లేదని, యజమాని ఎవరన్న ప్రశ్నకు ఆమె పేరు రాస్తే చాలునని చెప్పాను. ఆమె కిటికీలోంచి చెరకు బళ్ళను చూస్తూ కూర్చుంది.

"కొక్కెం లేకుండా అది ఎవరి నడుమునా నిలవదురా. దొంగ వస్తే రానీ" అంది.

బీమా చేయించలేదు.