రాహుకాలంలో పెట్టని సంతకం

గ్యాస్ స్టేషన్‌లో కారు టైర్లకు గాలి పడుతున్నప్పుడు ఆ చిన్న కంప్రెసర్ దడదడ వినిపిస్తే నేను ఇప్పటికీ చెవి ఒగ్గి నిలబడిపోతాను. చప్పుడు ఒకే తీరున ఉందా, మధ్యలో ఎక్కడైనా తడబడుతోందా అని వింటాను. వెనక కారతను హారన్ కొట్టేదాకా కదలను. ఈ అలవాటు నాకు వసుంధర గారి దగ్గర అబ్బింది.

జెర్సీ సిటీలో మా చిన్న పెట్టుబడి సంస్థను ఆమే నడిపేవారు. ఇక్కడ స్థిరపడిన డాక్టర్ల నుంచి, ఇంజనీర్ల నుంచి డబ్బు సమీకరించి, ఆఫ్రికా దేశాల్లో ఆస్పత్రులకు ఆక్సిజన్, ల్యాబు, కరెంటు వంటివి అందించే కంపెనీల్లో పెట్టేవాళ్లం. వయసులో ఉన్నప్పుడు ఆమె ఆంధ్రాలో ఒక జిల్లా ఆస్పత్రిలో యంత్రాలు బాగుచేసే ఇంజనీరు. నేనేమో విజయవాడలో హేతువాద సభల్లో మైకు పట్టుకుని పెరిగినవాణ్ని. ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లి, ఆమెనే నిలదీశాను. రోగుల అవసరం మీద లాభం తీసుకోవడం తప్పు కాదా, సేవ అనే మాటకు ఇది అవమానం కాదా అని అడిగాను. ఆమె కోపగించుకోలేదు.

"దానమిచ్చిన మెషీన్ మీద దాత పేరుంటుందయ్యా. పాడైతే ఎవరికి ఫోన్ చేయాలో మాత్రం ఉండదు," అన్నారు.

ప్రారంభోత్సవం రోజున పూలదండ వేయించుకుని, ఆర్నెల్లకు దుప్పటి కప్పుకుని మూలన పడిన యంత్రాలను ఆమె తన చేతులతో తడిమి చూశారు. యంత్రం ఆగితే తన బతుకు కూడా ఆగిపోతుందని తెలిసిన మనిషి దాని పక్కన ఉండాలి, అప్పుడే అది పదేళ్లు నడుస్తుందన్నది ఆమె వాదం. పుణ్యం మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. పుణ్యానికి బదులు ఏం పెట్టాలో మాత్రం ఆ రోజే తెలిసింది.

ఆమె ఒక నియమం పెట్టారు. ఏ ఒప్పందం మీద సంతకం పెట్టాలన్నా ముందు ఆ కంపెనీలో యంత్రం స్విచ్ వేసే మనిషితో మాట్లాడాలి. యజమానితో మాట్లాడితే చాలదు. ఫోన్‌ను యంత్రం పక్కన పెట్టమని చెప్పి, కళ్లు మూసుకుని వినేవారు.

ఘనాలో ఒక చిన్న పట్టణం. అక్కడి ప్రసూతి ఆస్పత్రికి గాలి నుంచి ఆక్సిజన్ తీసే ప్లాంటును ఒక కంపెనీ నడుపుతోంది. అది ఆగితే నగరం నుంచి సిలిండర్లు రావడానికి ఒక రోజు పడుతుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు అంత వ్యవధి ఉండదు. ఆ ఫైలు నాది. కాగితాలన్నీ సిద్ధమయ్యాక నేపర్‌విల్ నుంచి మా పెద్ద మదుపరి, పిల్లల డాక్టరు, ఫోన్ చేశారు. గురువారం పొద్దున మంచి ముహూర్తం ఉందట, అప్పుడే సైన్ చేద్దామన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. రోజూ ఎక్స్‌రేలు చూసే మనిషి గ్రహాల అనుమతి అడుగుతాడా? ఆయనకు బుద్ధి చెప్పాలని సోమవారం పొద్దున తొమ్మిదింటికి సంతకాలు పెట్టేలా ఏర్పాటు చేశాను. జెర్సీ సిటీ సూర్యోదయాన్ని బట్టి లెక్కగట్టి, అది సరిగ్గా రాహుకాలం మధ్యలోకి వచ్చేలా చూసుకున్నాను. ప్లాంటు ఆపరేటరు క్వామే అంతకుముందు వారం సెలవులో ఉన్నాడు. ఆ ఫోన్ సంతకాల తర్వాత చేయవచ్చని ఫైల్లో రాసేశాను.

సోమవారం ఆమె వచ్చి, పెన్ను తీయకముందే ఆ పేజీ చూశారు. ఇంత తొందరేమిటని అడిగారు. నేను గర్వంగా సంగతి చెప్పాను. ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"డాక్టర్ గారు పంచాంగం చూసి టైమ్ పెట్టారు. నువ్వూ పంచాంగం చూసే పెట్టావు కదా, సుధీర్."

 నేను ఫైలు తెరిచి క్వామే నంబరు ఆమె ముందు పెట్టాను.

ఆమె అక్కడికక్కడే క్వామేకు ఫోన్ కలిపారు. అక్కడ మధ్యాహ్నం. మొదటి కంప్రెసర్ చప్పుడు గది నిండా పరుచుకుంది. బాగుందని తలూపి, రెండోది కూడా ఆన్ చేయమన్నారు.

"అది మీ కాగితాల్లో నడుస్తోంది మేడమ్. ఇక్కడ నడవదు," అన్నాడు క్వామే.

మొదటిదాన్ని నడపడానికి రెండోదాని భాగాలు ఒక్కొక్కటే పీకేశారట. ఇంకో రెండు నెలల్లో సహారా నుంచి ధూళిగాలులు వస్తాయి, ఫిల్టర్లు పూడుకుపోతాయి, అప్పుడు ఏమవుతుందో తనకే తెలియదని నెమ్మదిగా చెప్పాడు. ఆమె అరిచి ఉంటే బాగుండేది. ఒప్పందాన్ని నా వైపు జరిపారంతే. మొదటి షరతు నా చేతే రాయించారు: రెండు యంత్రాలూ నడవాలి, విడి ఫిల్టర్లు ప్లాంటు గదిలోనే ఉండాలి, ఆ తర్వాతే సంతకం. గురువారం సంగతి ఏమిటని డాక్టర్ గారు అడిగితే, క్వామే ఎప్పుడంటే అప్పుడని ఆమె చెప్పారు. ఆరు వారాల తర్వాత ఒక రోజు క్వామే ఫోన్ చేసి రెండు చప్పుళ్లూ వినిపించాడు. వెంటనే సంతకం పెట్టేశాం.

జనవరిలో ఒక పొద్దున, రైల్లో ఆఫీసుకి వెళుతుండగా అతని మెసేజ్ వచ్చింది. ధూళికి మొదటి యంత్రం ఆగిపోయింది, రెండోది అందుకుంది, వార్డులో పిల్లలంతా బాగున్నారు. దాన్నే మళ్లీ మళ్లీ చదువుతూ, దిగాల్సిన స్టేషన్ వచ్చినా లేవలేదు. నా పక్కన కూర్చున్నావిడ ఒంట్లో బాగానే ఉందా అని అడిగింది. చాలా బాగుందన్నాను. ఒక మూర్ఖపు పంతంతో నేను చేయబోయిన పని జరగలేదు. అంతకు మించిన హాయి నేను ఎరగను.

వసుంధర గారు రిటైరై శాంటా క్లారాలో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. ముహూర్తాల మీద నా పోరు ఆగలేదు. డాక్టర్ గారితో ఇప్పటికీ తగాదా పడుతూనే ఉంటాను. ఆ మధ్య ఆయన, రాహుకాలం తప్పించబట్టే కదా ఆ ప్లాంటు నిలబడింది అని నన్ను కవ్వించారు. సంతకం పెట్టింది ఎన్ని గంటలకో చెబితే ఆ ఘడియ ఎలాంటిదో చూస్తానన్నారు.

"తెలీదండీ, చూళ్లేదు," అన్నాను.

నిజంగానే నాకు తెలియదు.